రాయలసీమ ఎన్నికల కథలు: అంతర్జాల ఆధారాలు, పరిశోధన పద్ధతి

ఉపోద్ఘాతం:

కర్నూలు, కడప జిల్లాల జీవితాన్ని చిత్రించిన కథల్లో కరువు తర్వాత విమర్శకులు ఎక్కువగా చర్చించినది ముఠా రాజకీయాలను. ఈ కథలపై వెలువడుతున్న సిద్ధాంత గ్రంథాల్లో ఒక అలవాటు స్థిరపడింది. ‘రాజకీయ నేపథ్యం’ అనే అధ్యాయంలో 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1953లో కర్నూలు రాజధాని కావడం, ముఠాకక్షల పుట్టుక కొన్ని పుటల్లో ముగుస్తాయి. తర్వాతి అధ్యాయంలో కథల సారాంశాలు మొదలవుతాయి. కథలో జరిగేది ఏ ఎన్నిక, ఏ నియోజకవర్గం, ఆనాటి ఓట్ల లెక్కింపు ఎలా జరిగేది అన్న ప్రశ్నలు ఈ రెండు అధ్యాయాల మధ్య ఎక్కడా రావు. ఆధారాలు దొరకలేదన్నది తరచు వినిపించే సమాధానం. ఆ సమాధానం నిలుస్తుందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

పేర్లు, సరిహద్దులు:

ఎన్నికల సంఘం తొలి సార్వత్రిక ఎన్నికల నుంచి గణాంక నివేదికలను అంతర్జాలంలో ఉంచింది. అశోకా విశ్వవిద్యాలయంలోని త్రివేది కేంద్రం నియోజకవర్గాల ఫలితాలను ‘లోక్ ఢాబా’ పేరుతో పట్టికలుగా అందిస్తున్నది. అయినా కడప గురించి వెతికినవారికి పాత ఫలితాలు తేలికగా కనిపించవు. 2005 వరకు ఈ ఊరి ఆంగ్ల వర్ణక్రమం వేరు. ‘సి’తో మొదలై, నడుమ రెండు ‘డి’లతో, ‘హెచ్’తో ముగిసే ఆ పాత రూపంలో వెతికితే తప్ప అంతకుముందరి నివేదికల్లో కడప దొరకదు.

రాష్ట్రం పేరు విషయంలోనూ ఇదే చిక్కు. ఈ రెండు జిల్లాల తొలి శాసనసభ ఫలితాలు ‘మద్రాసు, 1951’ నివేదికలో ఉన్నాయి. తర్వాతివి 1955 నాటి ఆంధ్ర రాష్ట్ర నివేదికలో ఉంటాయి. 1957 శాసనసభ నివేదికలో కర్నూలు, కడప స్థానాలు కనిపించవు. అది నివేదికలోని లోపం కాదు. 1955లో గెలిచిన ఆంధ్ర ప్రాంత సభ్యులు కొనసాగినందున ఆ ఏడాది శాసనసభకు తెలంగాణలోని 105 స్థానాలకే ఎన్నికలు జరిగాయి. ఈ సంగతి తెలియని పరిశోధకుడు ‘సమాచారం అలభ్యం’ అని రాసుకుని ముందుకు పోతాడు.

జిల్లా సరిహద్దులు మరింత జాగ్రత్త కోరుతాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడి జిల్లా అయింది. అప్పుడే రాయచోటి, రాజంపేట అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. నేటి పటం చేతబట్టుకుని 1967 నాటి ‘కర్నూలు జిల్లా’ ఓట్లు కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు. ఉప ఎన్నికలు సార్వత్రిక నివేదికల్లో చేరవు. 1991 లోక్‌సభ నివేదిక ఒక్కటే చూసినవారికి నంద్యాలలో పి.వి. నరసింహారావు గెలిచిన సంగతి తెలియదు.

కథల వైపు చూస్తే కథానిలయం అంతర్జాల భాండాగారం పెద్ద ఆసరా. దీని అసలు ప్రయోజనం పాఠం దొరకడం కంటే తొలి ముద్రణ వివరం దొరకడంలో ఉంది. కేతు విశ్వనాథరెడ్డికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన సంపుటిలోని కథలన్నీ ఒకే కాలానివి కావు. సంపుటి వెలువడిన ఏడాదినే కథాకాలంగా తీసుకుంటే కథను దానికి సంబంధం లేని ఎన్నికకు ముడిపెట్టినట్లవుతుంది.

లెక్కల్లో లేనిది:

ఇంతవరకు చెప్పినవి ఓపికతో తీరే ఇబ్బందులు. అసలు చిక్కు వేరు. ముఠా కథ జరిగేది పల్లెలో. ఎన్నికల నివేదిక నియోజకవర్గం దగ్గరే ఆగిపోతుంది. పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి. అందులోనూ కేంద్రం సంఖ్యే తప్ప ఊరి పేరు ఉండదు. ఆ ఏటి పోలింగ్ కేంద్రాల జాబితాను పక్కన పెట్టుకోవాలి.

దేశమంతటా యంత్రాలతో పోలింగు జరిగిన 2004 నుంచి ఈ పని సాధ్యమే. అంతకుముందు బ్యాలెట్ పెట్టెల కాలంలో, ఓటర్లపై బెదిరింపులు, కక్షసాధింపు జరిగే ప్రమాదం ఉందని ఎన్నికల సంఘం భావించిన చోట, అన్ని కేంద్రాల పత్రాలనూ కలిపి లెక్కించే వీలును 1961 నాటి నియమావళిలోని 59ఎ నియమం కల్పించింది. అలా కలిపిన చోట ఏ ఊరు ఎవరికి ఓటేసిందో ఏ కాగితంలోనూ మిగలదు. భయపడే పల్లెను కాపాడటానికే ఆ సమాచారాన్ని లేకుండా చేశారు. అభ్యర్థుల నేరచరిత్ర ప్రమాణ పత్రాలు కూడా 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత వచ్చినవే. పోలింగ్ కేంద్రాల ఆక్రమణ చట్టంలో ప్రత్యేక నేరంగా చేరింది 1989లో.

అమెరికాలో 1948 నుంచి సాగుతున్న జాతీయ ఎన్నికల అధ్యయనం ఓటరును నేరుగా ప్రశ్నించి, ఆ జవాబులను పరిశోధకులకు అందిస్తున్నది. మన దేశంలోనూ లోక్‌నీతి సర్వేలున్నాయి. రాష్ట్రానికి సరిపోయే నమూనా పులివెందుల పక్క పల్లెకు చాలదు. పైగా ముఠా నాయకుడి వాకిట్లో నిలబడి ఎవరు నిజం చెబుతారు?

కాబట్టి యంత్రాల ముందు కాలానికి సంబంధించి, పల్లెలో ఓటు ఎలా పడిందన్న విషయంలో కథకు సాక్ష్యం విలువ ఉంది. ఆ సాక్ష్యాన్ని కూడా ప్రశ్నించాలి. లెక్కింపు ముగిశాక ఒక ఊరిపై కక్ష తీర్చుకున్న నాయకుడు కథలో ఉన్నాడనుకుందాం. ఆ ఊరు తనకు ఓటేయలేదని అతనికెలా తెలిసింది? పెట్టెలు విడిగా లెక్కించారా? కేంద్రంలో కూర్చున్న ఏజెంటు చెప్పాడా? ఏజెంటుకు తెలిసేది ఎవరు వచ్చారన్నదే తప్ప ఎవరికి వేశారన్నది కాదు. కేవలం అనుమానంతోనే ఇళ్లు కాల్చాడా? చివరిదే నిజమైతే ఆ కథ రహస్య ఓటింగు పల్లెకు రక్షణ ఇవ్వలేకపోయిందని చెబుతున్నది. సారాంశం రాసి ఊరుకునే పరిశోధనకు ఈ అర్థం అందదు. రాయలసీమ ముఠాలపై కె. బాలగోపాల్ రాసిన వ్యాసాలను కథలతో కలిపి చదవవలసింది ఇక్కడే. సిద్ధాంత గ్రంథాల్లో అవి ఎక్కువగా నేపథ్య అధ్యాయానికే పరిమితమవుతున్నాయి.

ఊరి పేరు కల్పితమైనప్పుడు ఈ పద్ధతికి హద్దు ఏర్పడుతుంది. వాగు, సంత, దగ్గరి పట్టణం వంటి గుర్తులతో నియోజకవర్గం దాకా చేరవచ్చు. అంతకు మించి ఫలానా పల్లె, ఫలానా ఇల్లు అని తేల్చబోతే కథకుడు దాచిన పేర్లను పరిశోధకుడు బయటపెట్టినట్లవుతుంది. ఆ కుటుంబాల వారసులు నేటికీ అవే పోలింగ్ కేంద్రాల్లో ఓటు వేస్తున్నారు. ఇప్పుడు ఆ కేంద్రాల లెక్కలు అందరికీ కనిపిస్తున్నాయి.