పదేసి గజాల పనితనం

గోల్ఫ్ సెట్‌లో నడిమధ్యన ఉండే ఏడో నంబరు ఐరన్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన రబ్బరు గ్రిప్, దాని కింద షాఫ్ట్, షాఫ్ట్ వచ్చి దిగే సన్నని గొట్టం, దాన్ని హోజల్ అంటారు, చివర ఉక్కు తల. మొత్తం పొడవు దాదాపు 37 అంగుళాలు. తల బరువు 270 గ్రాములకు అటూఇటూ. బంతిని తాకే ముఖం నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలే లాఫ్ట్. ఇప్పటి ఏడో నంబర్లలో చాలావాటికి అది సుమారు 30 నుంచి 34 డిగ్రీలు. ముఖం మీద అడ్డంగా, మిల్లీమీటరు వెడల్పైనా లేని గాడులు వరసగా ఉంటాయి. బంతిని తిప్పేది ఇవేనని చాలామంది అనుకుంటారు. పొడి నేల మీద వీటి పాత్ర తక్కువే, తిప్పేది ప్రధానంగా వాలు. బంతికీ ముఖానికీ మధ్య నలిగే గడ్డినీ తడినీ పక్కకు తప్పించి పట్టు జారకుండా చూడటమే గాడుల పని.

ఇప్పుడు దాని పక్కన ఆరో నంబరునూ ఎనిమిదో నంబరునూ పెట్టండి. ఆరు అరంగుళం పొడుగు, ఎనిమిది అరంగుళం పొట్టి. ఆరులో వాలు మూడు నాలుగు డిగ్రీలు తక్కువ, ఎనిమిదిలో అంతే ఎక్కువ. తూకం వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. షాఫ్ట్ అరంగుళం తగ్గినప్పుడల్లా తల ఏడు గ్రాముల మేర బరువెక్కుతుంది. పొడుగు కర్ర చివర తేలిక తల, పొట్టి కర్ర చివర బరువు తల. అందుకే ఏది ఊపినా చేతికి ఒకేలా తోస్తుంది. షాఫ్ట్ నేలతో చేసే కోణాన్ని కూడా నంబరుకు అర డిగ్రీ చొప్పున సరిచేస్తారు. నిలబడే తీరు మారినా తల అడుగుభాగం నేల మీద సమంగా కూర్చోవాలి కదా. ఇంత కొలతల పొందిక ఎందుకంటే, ఆటగాడు తన ఊపును మార్చకుండా క్లబ్బును మాత్రమే మార్చి దూరాన్ని పదేసి గజాలు పెంచుకోగలగాలి, తగ్గించుకోగలగాలి.

షాఫ్టులను హికరీ చెక్కతో చేసే కాలంలో ఈ వరస లేదు. ఒక్కో క్లబ్బును విడిగా ఏరి కొనుక్కునేవారు, వాటికి మాషీ, నిబ్లిక్ లాంటి పేర్లుండేవి. ఏ రెండు కర్రలూ ఒకేలా వంగవు. ఉక్కు షాఫ్టులు వచ్చాకే, అంటే బ్రిటన్‌లో 1929లో వాటికి అనుమతి దొరికిన తరవాతే, ఒకే కొలతతో నంబర్ల సెట్లు స్థిరపడ్డాయి. దాంతో కొందరు సంచిలో ఇరవైకి పైగా క్లబ్బులు కుక్కడం మొదలుపెట్టారు. 1938లో అమెరికా, మరుసటి ఏడు బ్రిటన్ 14 దగ్గర గీత గీశాయి.

తల బంతిని తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ లోపలే 46 గ్రాములైనా లేని బంతి ముఖం మీద నొక్కుకుపోయి, వాలు వెంట పైకి లేచి, వెనక్కి తిరుగుతూ బయలుదేరుతుంది. ఆ తిరుగుడే దాన్ని గాలిలో నిలుపుతుంది. అగ్రశ్రేణి ప్రొఫెషనల్ ఏడో నంబరుతో కొడితే బంతి నిమిషానికి సుమారు 7,000 చుట్లు తిరుగుతూ 170 గజాల అవతల పడుతుంది. ఇంతకన్నా నన్ను ఆపేసిన కొలత వేరే ఉంది. అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ అయినా, ఏడో నంబరైనా, పొట్టిగా, బాగా వాలి ఉండే పిచింగ్ వెడ్జ్ అయినా ఆ స్థాయి ఆటగాళ్ల బంతి చేరే శిఖరం ఎత్తు ఇంచుమించు ఒక్కటే, 30 గజాల చిల్లర. దూరం మారుతుంది, ఎత్తు మారదు. సెట్ తయారీ ఎంత లెక్కగా ఉందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

కొత్తవారి చేతిలో ఈ లెక్క తప్పేది కూడా ఇక్కడే. తోటకు నీళ్లు పట్టే పైపులో ఒత్తిడి తక్కువైతే, మూతి కాస్త పైకెత్తితేగానీ ధార దూరం పోదు. ఊపులో వేగం తక్కువైనప్పుడూ అంతే. నాలుగో నంబరు ఐరన్ వాలు తక్కువ కాబట్టి బంతి తగినంత లేవదు, తగినంత తిరగదు, త్వరగా నేలకు వాలిపోతుంది. నాలుగుతో కొట్టినా ఆరుతో కొట్టినా బంతి ఒకే చోట పడుతోందంటే లోపం మీ చేతిలో లేదు. ఆ క్లబ్బు కోరే వేగం ఇంకా రాలేదంతే. పొడవాటి ఐరన్ల బదులు హైబ్రిడ్లు పుట్టింది ఇందుకే. వాటి బరువు కిందికీ వెనక్కీ జరిపి ఉంటుంది, కనుక తక్కువ వేగానికే బంతి పైకి లేస్తుంది.

ఇక అంకెలు. నేర్చుకుంటున్న వయోజన పురుషుడు మామూలుగా పిచింగ్ వెడ్జ్‌తో 70 నుంచి 90, ఏడో నంబరుతో 110 నుంచి 130, హైబ్రిడ్‌తో 130 నుంచి 150, డ్రైవర్‌తో 160 నుంచి 200 గజాలు ఆశించవచ్చు. మహిళలకు ఏడో నంబరుతో 65 నుంచి 90, డ్రైవర్‌తో 110 నుంచి 150. ఇవి స్థూలమైన అంచనాలు, అదీ బంతి గాలిలో వెళ్లే దూరానికే. దొర్లే దూరం నేలను బట్టి ఉంటుంది. సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున్న హైదరాబాద్‌లో గాలి కాస్త పలచన, కాబట్టి విశాఖ కన్నా రెండు మూడు గజాలు కలిసొస్తాయి. గొప్పలకు పోయేంత కాదు.

పక్కవాడి ఏడో నంబరుతో మాత్రం పోల్చుకోకండి. యాభై ఏళ్ల కిందటి ఏడో నంబరు వాలు 38 డిగ్రీల దగ్గర ఉండేది, ఇప్పుడు కొన్ని సెట్లలో 28కి దిగింది. అడుగున చెక్కిన అంకె అదే, క్లబ్బు వేరు. ఇందులో అమ్మకం తెలివి ఉంది, కాదనను. అయితే నిజమైన పనితనం కూడా ఉంది. పింగ్ కంపెనీ స్థాపించిన కార్స్టెన్ సోల్‌హైమ్ తల వెనక మధ్యభాగం తొలిచి ఆ లోహాన్ని అంచులకు పంచారు. బంతి ముఖం మధ్యలో తగలకపోయినా తల చేతిలో అంతగా మెలి తిరగదు, పోయే గజాలు తగ్గుతాయి. మధ్యలో కొట్టడం ఇంకా చేతకాని మనిషి కోసం ఇంత ఆలోచించిన పనిముట్లు ఏ ఆటలోనైనా తక్కువే.

మీ దూరం తెలుసుకోవాలంటే ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక్కో క్లబ్బుతో పది బంతులు కొట్టి, అన్నిటికన్నా దూరం పడ్డదాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగతావి ఎక్కువగా ఎక్కడ పడ్డాయో అదే మీ దూరం. రెండు క్లబ్బుల మధ్య పది గజాల తేడా కూడా రాకపోతే అందులో ఒకటి ఇంట్లో పెట్టేయండి. నియమం 14 దాటకూడదంటుంది గానీ 14 ఉండాలనదు. డ్రైవర్, ఒక హైబ్రిడ్, ఆరు, ఎనిమిది, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్, పటర్: మొదటి ఏడాదికి ఈ ఏడూ చాలు.