క్లాసు కంట్రోల్లో లేదట!

డ్రాయింగ్ టీచర్ల మీద సినిమాలు రావడమే తక్కువ. వచ్చిన వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఒకటి 2003లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'మోనాలిసా స్మైల్'. దర్శకుడు మైక్ న్యూవెల్. రెండోది 2007లో ఆమిర్ ఖాన్ తీసిన 'తారే జమీన్ పర్'. మొదటి దాంట్లో టీచరు స్త్రీ, రెండో దాంట్లో పురుషుడు. ఇద్దరూ పాత పద్ధతుల్లో బిగుసుకుపోయిన సంస్థలోకి కొత్తగా వచ్చినవాళ్ళే. ఇద్దరూ పిల్లల్ని సొంత కళ్ళతో చూడమన్నవాళ్ళే. కానీ పైవాళ్ళు ఒకరికి తలుపు తీశారు, మరొకరి చేతికి షరతుల కాగితం ఇచ్చారు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. ప్రైవేటు హైస్కూళ్ళలో ఏళ్ళ తరబడి డ్రాయింగ్ చెప్పినదాన్ని కాబట్టి ఈ సినిమాల్ని నేను కథగా మాత్రమే చూడలేను.

'మోనాలిసా స్మైల్' కథ 1953లో అమెరికాలోని వెల్లెస్లీ మహిళా కళాశాలలో మొదలవుతుంది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన కేథరీన్ వాట్సన్ (జూలియా రాబర్ట్స్) అక్కడ కళాచరిత్ర చెప్పాలి. మొదటిరోజు స్లైడ్ వేసిందో లేదో విద్యార్థినులు పేరు, కాలం, వివరం అన్నీ అప్పజెప్పేస్తారు. పాఠ్యపుస్తకమంతా ముందే చదివేసి వచ్చారు. అల్లరి లేదు, గొడవ లేదు. పద్ధతిగా లేచి పద్ధతిగా వెళ్ళిపోతారు. టీచరు మాత్రం ఓడిపోయి నిలబడుతుంది. వెనక బెంచీలో కూర్చుని ఆమె పాఠాన్ని అంచనా వేస్తున్న పెద్ద మనిషి అంతా చూస్తూనే ఉంటారు.

నాకు ఈ సినిమాలో అన్నిటికంటే విలువైన దృశ్యం ఇదే. క్రమశిక్షణకు కొలత నిశ్శబ్దమే అయితే ఆ క్లాసుకి నూటికి నూరు మార్కులు. కానీ ఆ క్రమశిక్షణ టీచరుది కాదు, సంస్థది. ఆమెని లోపలికి రానివ్వకుండా కట్టిన గోడ అది. తర్వాతి క్లాసులో కేథరీన్ సిలబస్‌లో లేని బొమ్మ, సూటిన్ వేసిన పశువు కళేబరం, తెరమీద వేసి ఇది మంచి బొమ్మేనా అని అడుగుతుంది. అమ్మాయిలు ఒకరితో ఒకరు విభేదిస్తారు. గదిలో చప్పుడు మొదలవుతుంది. చదువు మొదలైంది అప్పుడే. పైవాళ్ళకి గుబులు మొదలైంది కూడా అప్పుడే.

ఆ పైవాళ్ళు ఎక్కువమంది స్త్రీలు కావడం గమనించాలి. కళాశాల అధ్యక్షురాలు స్త్రీ. పూర్వవిద్యార్థినుల సంఘం తల్లులదే. కాలేజీ పత్రికలో సంపాదకీయం రాసి ఒక నర్సు ఉద్యోగం ఊడగొట్టినదీ, ఆ తర్వాత కేథరీన్ మీద కలం దూసినదీ బెట్టీ అనే విద్యార్థినే. ఆ నర్సు చేసిన నేరమల్లా గర్భనిరోధక సాధనాలు ఇవ్వడం. పితృస్వామ్యం కాపలాకి మగవాళ్ళే అక్కర్లేదని సినిమా బాగానే పట్టుకుంది. చివరికి కేథరీన్ కోర్సుకి విద్యార్థినులు విరగబడి చేరతారు. అయినా ఆమెని మళ్ళీ రమ్మనేది షరతులతోనే. సిలబస్ దాటకూడదు, లెసన్ ప్లాన్లు ముందే చూపించి ఒప్పించుకోవాలి, విద్యార్థినులకి తన సబ్జెక్టుకి బయట సలహాలివ్వకూడదు. ఆమె ఒప్పుకోక యూరప్ వెళ్ళిపోతుంది. అమ్మాయిలు సైకిళ్ళమీద కారు వెంట వస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ ఆ షరతులు అక్కడే ఉన్నాయి కదా! నెలజీతం మీద బతికే టీచరు ఏ యూరప్ వెళ్ళాలి?

'తారే జమీన్ పర్' సంగతికి వద్దాం. డిస్లెక్సియా గురించి ఇంటింటా మాట్లాడుకునేలా చేసిన సినిమా అది. ఆ మేలు కాదనను. చేతి కణుపులమీద కొట్టి క్లాసుని నిశ్శబ్దంగా ఉంచిన పాత డ్రాయింగ్ మాస్టారి స్థానంలోకి రాంశంకర్ నికుంభ్ విదూషకుడి వేషంలో, పాటతో గంతులతో వస్తాడు. క్లాసంతా గోల. స్టాఫ్ రూములో తోటి మాస్టార్లు వేళాకోళం చేస్తారు, అంతే. మెమో రాదు. ఉద్యోగం చూస్తే తాత్కాలికం. అయినా పిల్లవాడి ఇంటికి, వేరే ఊరికి వెళ్ళి తల్లిదండ్రుల్ని నిలదీస్తాడు. ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఈశాన్‌కి పరీక్షల్లో వెసులుబాటు కావాలంటాడు. ఒక్క సంభాషణతో పని అయిపోతుంది. ఆఖరికి టీచర్లతో సహా బడి మొత్తాన్ని బొమ్మలు వెయ్యడానికి కూర్చోబెడతాడు.

నికుంభ్ స్థానంలో ఒక స్త్రీని ఊహించుకోండి. తాత్కాలికపు మేడమ్. క్లాసులో గంతులు వేస్తుంది. చెప్పాపెట్టకుండా విద్యార్థి ఇంటికి పోయి తండ్రిని నిలదీస్తుంది. ఆమె గురించి స్టాఫ్ రూములో వేళాకోళంతో ఊరుకుంటారా? నేను పనిచేసిన ఒక బడిలో కరస్పాండెంట్ గారు నా క్లాసు కిటికీ దగ్గర ఆగి, "మేడమ్, క్లాసు కంట్రోల్లో లేదు" అన్నారు. అదే వారం గ్రౌండులో వ్యాయామం మాస్టారి పిల్లలు అరుస్తుంటే, "పిల్లలు భలే హుషారుగా ఉన్నారు మాస్టారూ" అన్నారు. చప్పుడుకి కూడా ఆడా మగా ఉంటుందని నాకు అర్థమైంది.

రెండు సినిమాలూ చూపించనిది ఒకటుంది. నలభై నిమిషాల పీరియడ్. యాభైమంది పిల్లలు. ప్రత్యేకమైన గది లేదు. కాగితాలు పంచి, బెంచీకో మగ్గు నీళ్ళు పెట్టించేసరికి పది నిమిషాలు. బ్రష్షులు కడిగి, ఒలికిన నీళ్ళు తుడిచి, తర్వాత వచ్చే లెక్కల మాస్టారికి గది అప్పగించడానికి మరో పది. మిగిలింది ఇరవై. నీళ్ళ మగ్గులకి వరసకొకర్ని పెట్టి, పూర్తయిన బొమ్మలు ఆరబెట్టడానికి కిటికీకి తాడు కట్టించి, తడి రంగుల పనిని రెండు పీరియడ్లు కలిసొచ్చిన రోజుకి దాచి నెగ్గుకొచ్చాను. రెండు పీరియడ్లు కలిపి ఇస్తే సగం అల్లరి దానంతటదే పోయేది. ఆ టైంటేబుల్ నా చేతిలో ఉండదు. దాన్ని వేసేవాళ్ళే వచ్చి కంట్రోల్ లేదంటారు. పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది డ్రాయింగ్ పీరియడే. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకి పంపేది డ్రాయింగ్ టీచర్నే.

స్కూల్ డే వస్తే మాత్రం అందరికీ మనం గుర్తొస్తాం. స్టేజి వెనక థర్మాకోల్ అక్షరాలు, గుమ్మంలో ముగ్గు, అతిథికి స్వాగతం రాసిన చార్టు, ర్యాలీకి ప్లకార్డులు. చుట్టాలొస్తే ఇల్లాలు ఇల్లు సర్దినట్టు డ్రాయింగ్ టీచరు బడి సర్దాలి. ఆ పనికి లెక్కా లేదు, జీతమూ లేదు. ఇంటిపని కంటికి కనపడని పని అని స్త్రీవాదులు ఎన్నాళ్ళనుంచో చెబుతున్నారు. బడిలోనూ ఇంటిపని ఉందని, అది చేసేవాళ్ళ పాఠాన్ని పాఠంగా చూడరని నేను చెప్పదలచుకున్నాను.

'తారే జమీన్ పర్' చివర్లో బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చే పెద్దావిడ గుర్తుందా? ఆమె చిత్రకారిణి లలితా లాజ్మీ, తన పేరుతోనే కనిపిస్తారు. గురుదత్ చెల్లెలు అనో, దర్శకురాలు కల్పనా లాజ్మీ తల్లి అనో పరిచయం చేస్తుంటారు. 2023లో చనిపోయారు. ఆమె ముంబయి బడుల్లో ఏళ్ళ తరబడి డ్రాయింగ్ టీచరుగా పనిచేశారన్నది చాలామందికి తెలియదు. నిజంగా బడిలో బొమ్మలు నేర్పిన స్త్రీ ఆ సినిమాలో కాసేపు కనిపించి వెళ్ళే అతిథి. ఉద్ధరించే టీచరు మాత్రం హీరో. ఆ ఒక్క ఫ్రేమే నాకు చాలా చెప్పింది.

మంచి మనసున్న టీచరొకరు వస్తే చాలునని రెండు సినిమాలూ నమ్మిస్తాయి. కళని పదో తరగతి దాకా తప్పనిసరి చెయ్యాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం రాసిన పత్రం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టమేమో 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న బడికి ఫుల్‌టైమ్ హెడ్మాస్టర్ని, పార్ట్‌టైమ్ కళాబోధకుల్ని రాసింది. కళలకీ శాస్త్రాలకీ మధ్య గోడలుండకూడదని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. గోడల మాట సరే, ముందు ఆ పార్ట్‌టైమ్ మనిషి సంగతి ఏమిటి? స్టాఫ్ మీటింగులో కుర్చీ లేని టీచరు, ఏడాది తిరిగితే ఉంటుందో లేదో తెలియని టీచరు, ఏ పిల్లవాడి తరపున ఏ ప్రిన్సిపాల్ ముందు నిలబడగలదు?

అందుకే క్లాసు కంట్రోల్ అన్నది టీచరు గొంతులోనో బెత్తంలోనో ఉండదంటాను. గదిలో, టైంటేబుల్లో, ఉద్యోగ భద్రతలో, పైవాళ్ళిచ్చే గౌరవంలో ఉంటుంది. అవేవీ ఇవ్వకుండా నిశ్శబ్దం మాత్రం అడగడం అన్యాయం. కేథరీన్‌లా వెళ్ళిపోకుండా, నికుంభ్‌లా హీరో కాకుండా, రేపు మళ్ళీ అదే క్లాసుకి వెళ్ళి మగ్గుల్లో నీళ్ళు పట్టించే టీచరు మీద సినిమా ఇంకా రావాల్సే ఉంది.