పూర్ణమ్మ మాట విన్నదెవరు?

గురజాడ అప్పారావు (1862–1915) రచించిన ‘పూర్ణమ్మ’ను కన్యాశుల్క దురాచారంపై విమర్శగా చదవడం పరిపాటి. కాసుకు లోబడిన తల్లిదండ్రులు పసిపిల్లను ముదుసలికి కట్టబెట్టారు. ఆమె ప్రాణం తీసుకుంది. ఈ పఠనం తప్పు కాదు. కాని దానితోనే ఆగితే, దురాచారం పోయింది కనుక గేయమూ పాతబడిందనుకునే ప్రమాదముంది. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు ఇళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు దీన్ని కుటుంబసంబంధాల వైపు నుంచి కూడా చదవాలని మా మనవి.

గేయానికి ఆయువుపట్టు వీడ్కోలు ఘట్టం. అత్తింటికి పయనమయ్యే ముందు పూర్ణమ్మ తనవాళ్ళతో, నలుగురూ కూచుని నవ్వుకునే వేళ తనను తలచుకోమంటుంది. పుట్టబోయే ఆడపిల్లకు తన పేరు పెట్టమంటుంది. ఇంటివారికి ఇవి కాపురానికి వెళ్ళే పిల్ల మాటలే. పాఠకుడికి మాత్రం తరువాత రెండో అర్థం తెలుస్తుంది. ఇలాంటి వీడ్కోలు మాటలనూ, తన తరువాత జరగవలసినవి అప్పగించడాన్నీ నేటి మానసిక వైద్యులు ప్రమాద సంకేతాలుగా గుర్తిస్తున్నారు. పూర్ణమ్మ మనసును పూర్తిగా దాచలేదు. ఆమెను తిరిగి ప్రశ్నించిన వారే లేరు.

దీని పక్కన మన వలసకథను పెట్టి చూద్దాం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన తెలుగింటి తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవల వెలువరించారు. అందులో ఒక ప్రభువు కన్ను పడిన చెన్నాదేవిని కాపాడుకోవడానికి ఆమె కుటుంబం ఇల్లూ వాకిలీ విడిచి దక్షిణాదికి తరలివస్తుంది. అక్కడ కూతురి కోసం సర్వస్వం వదులుకున్నారు. ఇక్కడ కాసుల కోసం కూతురినే వదులుకున్నారు. అయినా ఒక పోలిక ఉంది. చెన్నాదేవి కథ మనం వినేది ముసలి మంగతాయారు నోట. ఆ పిల్ల నోట కాదు. బిడ్డను కాపాడడం వేరు, బిడ్డ మాట వినడం వేరు.

ఈ తేడా మన ఇళ్ళకూ వర్తిస్తుంది. మేనరికం మాట పుట్టినప్పుడే ఖాయమైపోయిన ఇంట్లో ఆడపిల్ల అభిప్రాయాన్ని అడగవలసిన అవసరం ఎవరికీ తోచదు. తమిళంలో, ఇంగ్లీషులో చదివే పిల్లవాడికి బడిలో తగిలిన దెబ్బను ఇంటి తెలుగులో చెప్పుకోవడానికి మాటలు చాలకపోవచ్చు. మాటలు దొరికినా, ‘ఈ వయసులో నీకేం దిగులు?’ అన్న ఒక్క ప్రశ్న నోరు మూయిస్తుంది.

గేయం ముగింపు పట్ల మాకొక అభ్యంతరం ఉంది. పూర్ణమ్మ దుర్గను చేరిందనడం కవిత్వంగా అందమైనదే. అకాలంగా పోయిన ఆడపడుచును పేరంటాలుగా కొలిచే తెలుగువారి ఆచారం దానికి వెనుక ఉంది. కాని బిడ్డ దేవత కాగానే ఇంటివారి బాధ్యత మరుగున పడుతుంది. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారనీ, వారిలో 13,044 మంది విద్యార్థులనీ, కారణాలలో కుటుంబ సమస్యలదే మొదటి స్థానమనీ (నూటికి 31.7) జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఏ మరణానికీ ఒకే కారణం ఉండదు. అయినా సకాలంలో వినేవారుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి. ఇంట్లో వినేవారు లేనప్పుడు, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌ను 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా పిలవవచ్చు.

విద్యార్థులు ఈ గేయాన్ని ఇంట్లో పైకి చదవాలి. వీడ్కోలు ఘట్టం దగ్గర ఆపి, ‘మీరే అక్కడుంటే ఏమని అడిగేవారు?’ అని పెద్దలను ప్రశ్నించాలి. వారిచ్చే సమాధానం ఈ గేయానికి మంచి వ్యాఖ్యానమవుతుంది.