రజని గారి పాటలో మాట విరగదు

పాట రాసేది ఒకరు, బాణీ కట్టేది ఇంకొకరు, పాడేది మరొకరు. సినిమాల వల్ల ఈ పంపకం మనకు ఎంత అలవాటైపోయిందంటే, మూడు పనులూ ఒక్క మనిషే చేశాడంటే పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. అలా చూసినప్పుడల్లా నేను చెప్పే పేరు బాలాంత్రపు రజనీకాంతరావు గారిది. ఊహ తెలిసినప్పటి నుంచీ రేడియోలో ఆయన పాటలు వింటూ పెరిగాను. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలకు లలిత గీతాలు నేర్పుతున్నాను. వినే రోజుల్లో ఆయనంటే ఎందుకంత ఇష్టమో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. నేర్పడం మొదలుపెట్టాక తెలిసింది.

లలిత గీతం నేర్పేటప్పుడు మొదట వచ్చే చిక్కు ఊపిరి. పిల్ల పాడుతూ పాడుతూ మాట మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. మాట రెండు ముక్కలవుతుంది, అర్థం చెడుతుంది. తప్పు పిల్లదేనని కసురుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు బాణీలోనే ఉంటుంది. కవి ఎప్పుడో ఏదో నడకలో రాసిన గీతానికి తరవాతెప్పుడో ఎవరో వరస కడతారు. పొట్టిగా పలకాల్సిన అక్షరాన్ని తాళం నిండడం కోసం సాగదీస్తారు. సగం మాట ఒక ఆవర్తంలో, మిగతా సగం ఇంకో ఆవర్తంలో పడుతుంది. రజని గారి పాట పట్టుకుంటే నాకు ఆ బాధ లేదు. గొంతు ఆగాల్సిన చోటే అర్థమూ ఆగుతుంది. పిల్లలకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో విడిగా చెప్పక్కర్లేదు, మాటే చెబుతుంది. మాట, స్వరం ఒకే క్షణంలో పుడితే తప్ప అలా కుదరదని నా నమ్మకం.

‘స్వర్గసీమ’లో భానుమతి గారు పాడిన ‘ఓహో పావురమా’ తీసుకోండి. 1945 నాటి సినిమా. హాలీవుడ్ వారి ‘బ్లడ్ అండ్ శాండ్’లో రీటా హేవర్త్ మీద తీసిన ఒక పాట పోకడ దానికి ప్రేరణ. విదేశీ వరసకు తెలుగు మాటలు కూర్చిన పాటలు ఆ తరవాత బోలెడు వచ్చాయి. వాటిలో చాలాభాగం వింటుంటే మాటలు ఎవరివో చొక్కా తొడుక్కున్నట్టుంటాయి. ఇక్కడ అలా లేదు. ‘పావురమా’లో మొదటి అక్షరం దీర్ఘం, చివరిది దీర్ఘం, మధ్యలో రెండూ హ్రస్వాలు. దూరంగా ఉన్నవాళ్లను కేకేసేటప్పుడు మన గొంతు సహజంగా ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి, మొదటా చివరా నిలుస్తుంది. భానుమతి గారి గొంతు ఆ దీర్ఘాల మీద విచ్చుకుంటుంది, ఆ హ్రస్వాల మీద జారిపోతుంది. వరస ఎక్కడి నుంచి వచ్చిందన్న సంగతే మరిచిపోతాం. ఆకాశవాణి ఉద్యోగంలో ఉన్నందువల్ల రజని గారి సినిమా పని కొంత వేరేవాళ్ల పేర్ల చాటున జరిగింది. పాట ఊరూరా తిరిగింది, కట్టినవారి పేరు మాత్రం చాలామందికి చేరలేదు.

ఇదంతా ఎక్కడి నుంచి అబ్బిందంటే, పుట్టిన ఇల్లే అలాంటిది. 1920లో నిడదవోలులో పుట్టారు. తండ్రి బాలాంత్రపు వెంకటరావు గారు, ఓలేటి పార్వతీశం గారితో కలిసి వేంకట పార్వతీశ కవులుగా ‘ఏకాంతసేవ’ రాసినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదువుకుని, 1941లో మద్రాసు రేడియోలో చేరారు రజని. సంగీతం తెలిసిన సాహిత్యకారుడు, సాహిత్యం తెలిసిన సంగీతకారుడు అంటూ రెండు కుర్చీలు ఆయన కోసం వేరువేరుగా వేయాల్సిన పని లేదు.

రేడియో కొలువు చాలామంది కవులను కాగితాల పనిలో ముంచేసింది. ఆయన్ను మాత్రం అదే నిలబెట్టిందంటాను. ఫలానా రోజు, ఫలానా వేళకు పాట గాలిలో ఉండాలి. రేపు పిల్లల పాట, ఎల్లుండి సంగీత రూపకం, ఆ పై వారం పండగ పాట. స్ఫూర్తి వచ్చేదాకా ఆగుతానంటే కుదరదు. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన రచనే, ఆయన బాణీయే. తేదీకి అందించాల్సిన పాటలు సాధారణంగా ఆ తేదీతోనే పోతాయి. ఇది ఇప్పటికీ బడిపిల్లలు పాడుతున్న పాట. నేను నేర్పేటప్పుడు గమనించేదేమిటంటే, సంగీతం బొత్తిగా రాని పిల్లలు కూడా గుంపులో దీన్ని శ్రుతి తప్పకుండా పాడేస్తారు. అందరూ కలిసి పాడే పాటకు వరస కట్టడం ఒంటి గొంతు పాటకు కట్టడం కన్నా కష్టం. స్థాయి మరీ పైకి పోకూడదు, అలాగని చప్పగానూ ఉండకూడదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి భక్తి పాటల కార్యక్రమం ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దినవారిలో సంగీత విద్వాంసులు బాలమురళీకృష్ణ గారితో పాటు రజని గారూ ఉన్నారు. దాని గురించి రాయడం మొదలుపెడితే ఈ కాలమ్ చాలదు. ఒక్క సూర్యనారాయణుడి మేలుకొలుపు గురించి చెబుతాను. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఒక్కో జాములో సూర్యుడి రంగును ఒక్కో పువ్వుతో పోల్చే ఆ పాట మన ఆడవాళ్లది. ఇంటిపనులు చేసుకుంటూ పాడుకున్నది. ఆదివారం పొద్దున రేడియోలో అది వస్తుంటే మా అమ్మమ్మ పొయ్యి దగ్గర పని ఆపేసేది. తన పాట తనకే అంత గౌరవంగా వినిపిస్తుంటే ఆమె ముఖంలో కనిపించిన వెలుగు నాకు బాగా గుర్తు. త్యాగరాజ కీర్తన పక్కన స్త్రీల పాటను, తత్వం పక్కన తరంగాన్ని నిలబెట్టినది ఆ కార్యక్రమం. ఏది గొప్పదో ఏది చిన్నదో అది ఎన్నడూ చెప్పలేదు.

ఆ చూపు వెనక చదువుంది. 1958లో వచ్చిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ ఆయనదే. దానికి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్యల దారి పట్టుకుని, మాటనూ పాటనూ కలిపి పుట్టించిన తెలుగువారి చరిత్రంతా అందులో చెప్పారు. పండితులు రాసిన సంగీత చరిత్రలు నేను కొన్ని చదివాను, చాలావాటిలో కీర్తన కాగితం మీదే ఉండిపోతుంది. ఈ పుస్తకం రాసినాయన తానూ ఆ పని చేసే మనిషి గనక, ఒక పదాన్ని ఎక్కడ విరిచి ఎక్కడ కలిపారో చెప్పేటప్పుడు ఆయన మాట మీద నాకు గురి కుదురుతుంది. అదే మనిషి పిల్లల కోసం ‘జేజిమామయ్య పాటలు’ రాశారు. అంత చదువుకున్నవారు అంత తేలిక మాటలు ఎంచుకోవడం నాకు పుస్తకం రాయడం కన్నా పెద్ద పనిగా కనిపిస్తుంది.

2018లో విజయవాడలో కన్నుమూశారు, తొంభై ఎనిమిదేళ్ల వయసులో. ఆయన గీతాల సంపుటి ‘శతపత్ర సుందరి’లోని పాటలు చేతిలో ఉన్నాయి, కానీ వరస తెలిసి పాడేవాళ్లు తగ్గిపోతున్నారు. లలిత సంగీతం పోటీలకు వెళ్తే పిల్లలు ఆయన పాటలు చక్కగా పాడతారు, ఎవరివని అడిగితే గురువు గారి పేరు చెబుతారు. అది నాకు కష్టంగా ఉంటుంది. అందుకే మా పిల్లలతో ఒక నియమం పెట్టుకున్నాను. రేడియోలో చెప్పినట్టే, పాట ఎత్తుకునే ముందు రచన ఎవరిదో సంగీతం ఎవరిదో గట్టిగా చెప్పాలి. రజని గారి పాటైతే ఒకే పేరు రెండుసార్లు పలకాలి. ఈ నెల ఆయన గీతాలే నేర్పుతున్నాను. వరసలు తెలిసిన పెద్దలు మా పక్కన ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం వచ్చి కూర్చోండి, మాకు ఇంకా రాని పాటలు చాలా ఉన్నాయి.