మామ్మకు అడ్డురాని కెమెరా

1990ల్లో నేను తీసిన పెళ్లి క్యాసెట్లు ఇప్పుడు వేసి చూస్తే ముందుగా కంటబడేవి చిట్లించిన కళ్లు. భుజం మీద వీహెచ్ఎస్ కెమెరా, పక్కన కుర్రాడి చేతిలో వెయ్యి వాట్ల సన్‌గన్ లైటు, వెనకాలే ఈడ్చుకొచ్చే వైరు. ఆ లైటు ఎటు తిరిగితే అటు బంతిలో మాటలు ఆగిపోయేవి. పప్పన్నం కలుపుతున్న చెయ్యి విస్తట్లోనే నిలిచిపోయేది. ముసలమ్మలు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. హనుమాన్ జంక్షన్ చుట్టూ బాపులపాడు, వీరవల్లి, తేలప్రోలు, పెరికీడు, ఇలా ఏ ఊళ్లో పెళ్లయినా ఏళ్ల తరబడి ఇదే వరస. నవ్వుల్ని దాచిపెట్టడానికి వెళ్లి, నవ్వే ముఖాల్ని బిగుసుకుపోయేలా చేసి వచ్చేవాణ్ణి.

అందుకే వీడియోలకు ఏ మిర్రర్‌లెస్ కెమెరా కొనాలని ఎవరైనా అడిగితే నాకు మోడళ్ల పేర్ల కంటే ముందు కెమెరా ఎదుట కూర్చోబోయే మనిషి గుర్తొస్తారు.

ఈ వేసవి మొదట్లో వరసకు మేనల్లుడయ్యే కుర్రాడు వచ్చాడు. బీటెక్ చదివి, ఇంటి దగ్గరే ఉండి నూజివీడు వైపు మామిడితోట చూసుకుంటున్నాడు. తోట పనులు, వాళ్ల మామ్మ పెట్టే పచ్చళ్లు వీడియోలు తీసి పెట్టాలని కోరిక. చేతిలో ఎనభై వేలున్నాయి. ఫోన్లో నాలుగు కెమెరాలు పక్కపక్కన పెట్టుకుని అంకెలు పోలుస్తున్నాడు. “మావయ్యా, ఏది తీసుకోమంటావ్?” అన్నాడు.

“కెమెరా సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ మామ్మ ఎక్కడ కూర్చుని ఆవకాయ కలుపుతుందో చూపించు” అన్నాను.

నూజివీడు రోడ్డు మీద వాళ్ల ఇల్లు. మా జంక్షన్ ఎలాంటి చోటో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే పదహారో నంబరు హైవేని నూజివీడు నుంచి గుడివాడ వైపు పోయే రోడ్డు కోస్తుంది. ఒకవైపు మెరక, ఎర్రనేల, మామిడి. రెండో వైపు పల్లం, నల్లరేగడి, వరి. మధ్యలో అభయాంజనేయస్వామి గుడి. లారీ హారను వినబడని గంట ఉండదు. ఆ హోరు వాళ్ల వాకిట్లోకి కూడా వస్తుంది. పంచలో పాత చోకు ట్యూబ్‌లైటు. పడమటి వాకిలి కావడంతో మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా పీట మీదికి. ఆ పీట మీద ఆవిడ, తెల్లటి నేత చీర, బాగా నల్లటి ముఖం, పక్కనున్నవాళ్లకే వినబడేంత మెత్తటి గొంతు.

నేను తీసుకెళ్లిన కెమెరా తెర మీద ట్యూబ్‌లైటు కింద ఆవిడ ముఖం మీదుగా నల్లటి చారలు పాకుతూ కనిపించాయి. కుర్రాడు కెమెరా పాడైందనుకున్నాడు. పాడైంది ఏమీ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చోకు ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది, కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికా లెక్కలో సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ 1/60 పెడితే ఆ మిణుకూ ఈ షట్టరూ కలవవు. మెనూలో ఎన్‌టీఎస్‌సీ తీసేసి, మన దూరదర్శన్ నడిచిన పాల్ పద్ధతికి మార్చి, 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టగానే చారలు పోయాయి. కొన్ని కెమెరాల్లో ఇలా మార్చినప్పుడు కార్డు మళ్లీ ఫార్మాట్ చేయమంటుంది, అందులో ఉన్నవి ముందే కాపీ చేసుకోవాలి. విదేశాల వాళ్లు చెప్పిన సెట్టింగులు మన వంటింట్లో పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే. చౌక ఎల్ఈడీ బల్బులతోనూ ఇదే తంటా.

వాకిట్లోకి వస్తే ఇంకో చిక్కు. మిట్టమధ్యాహ్నం ఎండకు పాత ఫోటోగ్రాఫర్ల లెక్క ఒకటుంది. ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 అయితే ఎపర్చర్ ఎఫ్16. వీడియోకి షట్టర్ 1/50 దగ్గరే ఉంచి, లెన్సు ఎఫ్2.8కి తెరిస్తే లోపలికొచ్చే వెలుతురు కావలసినదానికి 64 రెట్లు. షట్టర్ పెంచితే వెలుతురు తగ్గుతుంది గానీ గరిటె తిప్పే చెయ్యి తెగితెగి కదిలినట్టు ఉంటుంది. లెన్సు ముందు నల్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, బిగించుకోవాలి. దాని ధర కెమెరా ధరలో లెక్కలోకే రాదు, మా ఊళ్లో కెమెరా కొన్న కుర్రాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది దగ్గర అది కనబడదు.

ఎండ కంటే కష్టమైంది తెల్ల చీర, నల్ల ముఖం. కెమెరాను ఆటోలో వదిలేస్తే చీరను చూసి బెదిరి మొత్తం చీకటి చేస్తుంది, మామ్మ కళ్లు మాయమవుతాయి. లేదా ముఖాన్ని పట్టుకుని, చీరను సున్నం గోడలా వెలిగించేస్తుంది. జీబ్రా అని, వెలుతురు మితిమీరిన చోట తెర మీద చారలు చూపే సదుపాయం ఉంటుంది. ముందు ఆవిణ్ణి ఎండలోంచి వేపచెట్టు నీడలోకి జరగమని బతిమాలుకుని, ఆ తర్వాత జీబ్రాను 100 దగ్గర పెట్టుకుని, చీర మడతల మీద చారలు వచ్చీరాకుండా ఉండేలా వెలుతురు సరిచేసుకోవాలి. నీడలో చీర, ముఖం రెండూ నిలుస్తాయి. మా పెళ్లిళ్లలో సన్‌గన్‌తో పదిహేనేళ్లు మేం చేసింది ఈ తెలివి లేకే. మనవాళ్ల ముఖాలకు కావలసింది ఎక్కువ లైటు కాదు, మెత్తటి లైటు.

ఇక శబ్దం. దీని దగ్గర కాస్త ఆగాలి.

ఒక పెళ్లిలో అప్పగింతలప్పుడు పిల్ల తండ్రి అల్లుడి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ముఖం చక్కగా వచ్చింది, నీళ్లు తిరిగిన కళ్లు వచ్చాయి. మాట రాలేదు. కెమెరాకున్న మైకు వెనకాల వాయిస్తున్న బ్యాండునే పట్టుకుంది. వినడానికి నా చెవులకు హెడ్‌ఫోన్ లేదు, కాబట్టి ఆ సంగతి నాకు ఎడిటింగ్‌లో గానీ తెలియలేదు. కొన్నేళ్లకు ఆయన పోయాడు. ఆ అమ్మాయి వచ్చి, “నాన్న గొంతు ఏమైనా ఉందా బాబాయ్?” అని అడిగింది. రికార్డయిన టేపులన్నీ వెతికాను. ఉన్నది బ్యాండే. ఆ తప్పు పూర్తిగా నాది, ఇవాళ్టికీ మనసులోంచి పోలేదు.

శబ్దం విలువ నాకంటే చాలా ముందే తెలిసిన మనిషి ఒకాయన ఉన్నారు. బందరులో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు మద్రాసులో ఫోటోగ్రాఫరు. ఫోటోలు బాగా తీసే మనిషి 1910 ప్రాంతంలో తన స్టూడియో తాకట్టు పెట్టి మరీ తెప్పించుకున్న యంత్రం క్రోనోమెగాఫోన్, తెర మీద బొమ్మను గ్రామఫోను రికార్డుతో జతచేసే యంత్రం. విక్టోరియా పబ్లిక్ హాలులో చిన్న చిన్న పలికే బొమ్మల్ని జనానికి చూపించారు. భీష్మ ప్రతిజ్ఞ మూకీ ఆయన కొడుకు ఆర్.ఎస్. ప్రకాష్ తీసింది 1921లో, అంటే ఆ తర్వాత పదేళ్లకు. మా కృష్ణా జిల్లా మనిషి ముందుగా డబ్బు పెట్టింది పలికే బొమ్మ మీద. ఆయన సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

కాబట్టి మావాడికి ఒకే షరతు పెట్టాను. మైకు పెట్టుకునే చోటుతో పాటు హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు కూడా ఉన్న కెమెరా కావాలి. ఆ ఒక్క షరతుతో అతని జాబితా సగమైంది. నికాన్ జడ్30 మంచి కెమెరా, చేతిలో కుదురుగా ఉంటుంది, ఎక్కువసేపు ఏకబిగిన తీస్తుంది, కానీ హెడ్‌ఫోన్‌కు చోటు లేదు. కెనన్ ఆర్50 రంగులు నాకు ఎంతో ఇష్టం, అందులోనూ లేదు. ఆ తర్వాత 2025లో వచ్చిన ఆర్50 వి లో పెట్టారు. సోనీ జడ్‌వీ-ఈ10లో 2021 నుంచే ఉంది. ఫూజీఫిల్మ్ ఎక్స్-ఎం5లో ఉంది. బెజవాడ వెళ్లి గవర్నర్‌పేటలో ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని చూశాం. పట్టుకోకుండా కెమెరా కొనకూడదు. చెయ్యి చాచి మన ముఖం మనమే తీసుకుంటే కిట్ లెన్సు 16 మిల్లీమీటర్ల దగ్గర కూడా ముఖమే నిండిపోతుందా, వెనకాల తోట కనబడుతుందా అన్నది దుకాణంలోనే తెలుస్తుంది. వణుకు తగ్గించే ఎలక్ట్రానిక్ పద్ధతి ఆన్ చేస్తే ఫ్రేము ఇంకా కోసేస్తుంది. సెన్సారే కదిలి వణుకు ఆపే కెమెరాలు, సోనీ ఏ6700, ఫూజీ ఎక్స్-ఎస్20 లాంటివి, మావాడి డబ్బుకు అందవు. పీట ఎదురుగా ట్రైపాడ్ మీద పెట్టే కెమెరాకు వాటి అవసరమూ లేదు. నడుస్తూ మాట్లాడేవాళ్ల సంగతి వేరు, వాళ్లు దానికి డబ్బు పెట్టాల్సిందే.

జడ్‌వీ-ఈ10 తీసుకున్నాడు. అందులో 4కె వీడియో 30 ఫ్రేముల్లో తీస్తే అంచులు కోస్తుంది, 25లో కోయదు. మన కరెంటుకు కావలసింది కూడా ఆ 25నే. మిగిలిన డబ్బుతో కొంగుకు తగిలించే వైర్‌లెస్ మైకు, దానికి గాలి ఆపే బొచ్చు తొడుగు, హెడ్‌ఫోన్, ఎన్‌డీ ఫిల్టర్, రెండు అదనపు బ్యాటరీలు. 4కెలో సెకనుకు 100 మెగాబిట్లంటే గంటకు 45 జీబీ, అందుకని 128 జీబీ కార్డులు రెండు.

దారిలో బస్సులో అడిగాడు, “పెద్ద ఛానళ్ల వాళ్లంతా ఫుల్‌ఫ్రేమ్ వాడతారట కదా మావయ్యా, ఇది నిలబడుతుందా?”

మస్తానమ్మ గారి గురించి చెప్పాను. ఆవిడది గుడివాడే, అయితే మన గుడివాడ కాదు, తెనాలి దగ్గర గుడివాడ. నూరేళ్లు దాటిన మనిషి. 2016లో మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి ఆవిడ వంటను తీసి యూట్యూబ్‌లో కంట్రీ ఫుడ్స్ పేరుతో పెట్టడం మొదలెట్టారు. ఆరుబయట కట్టెల పొయ్యి, రోలు, పుచ్చకాయలో వండిన కోడికూర. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూసేనాటికి పది లక్షల మందికి పైగా ఆ ఛానల్లో చేరారు. ఆ వీడియోల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది ఆవిడ చూపును. కెమెరా కోసం బిగుసుకోదు, పొయ్యితో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. తెలంగాణలో లంబాడిపల్లి గంగవ్వ గారూ మై విలేజ్ షో ఛానల్లో అంతే. నా సన్‌గన్ ముందు ఈ ఇద్దరూ అలా ఉండగలిగేవారా అని ఆలోచిస్తే నాకు సమాధానం తెలుసు.

మిర్రర్‌లెస్ మనకిచ్చిన అసలు వరం ఈ బిగుసుకోకపోవడమేనని నా నమ్మకం. పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనకున్న అద్దం ఫోటో తీసిన ప్రతిసారీ టక్కున లేచి పడేది. 2008లో ప్యానసోనిక్ లూమిక్స్ జీ1తో ఈ అద్దం లేని వరస మొదలైంది. అద్దం పోయాక కెమెరా అరచేతిలోకి దిగింది, చప్పుడు పోయింది, తక్కువ వెలుతురులోనూ సెన్సారు చూడగలగడంతో లైట్ బాయ్ అవసరం పోయింది. ముఖాన్ని పట్టుకుని ఫోకస్ తనే నిలుపుకుంటుంది కాబట్టి తీసేవాడు కెమెరా వెనక దాక్కోకుండా పక్కన పీటేసుకుని కూర్చుని మాట కలపొచ్చు. జడ్‌వీలో ఇంకో ఏర్పాటుంది, ఏదైనా వస్తువు లెన్సు ముందుకు పట్టుకుంటే ఫోకస్ దాని మీదకు వెళ్లి, తీసేయగానే ముఖానికి తిరిగొస్తుంది. టెంక పట్టిన ముక్క చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

ఫోన్ చాలదా అంటే, చాలా పనులకు చాలు. కానీ ఆవకాయ ఎరుపు దగ్గర నేను చూసిన ఫోన్లు ఓడిపోయాయి. కారం, నూనె, ఆవపిండి కలిసిన రంగును ఒకే ముద్ద ఎరుపు చేసేస్తాయి. రంగును కొంచెం తగ్గించి తీయగలిగే కెమెరాలో ముక్క వేరు, ఊట వేరు కనబడతాయి.

ఇంకొక్కటి అడగకుండానే చెప్పాను. ఎఫ్1.4 లెన్సు కొని వెనకంతా మసక చేయొద్దని. ఆ మసకలో జాడీలు పోతాయి, నూతి గిలక పోతుంది, దండెం మీద ఆరేసిన పంచె పోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్ల పిల్లలు వెతికేది వాటినే. పాత క్యాసెట్లు మార్పించుకోవడానికి వచ్చేవాళ్లు నా దగ్గర తెర ఆపించి చూసేది పెళ్లికూతురి వెనకున్న గోడను, ఆ గోడకు వేలాడే ఫోటోను.

మే నెలలో తీశాడు. ఈ కెమెరాలు సాధారణంగా 40 డిగ్రీల వరకే పనిచేస్తాయని తయారీదార్లే రాస్తారు, మా వేసవి దాన్ని దాటుతుంది. వేడికి ఆగిపోయే హద్దును మెనూలో పెంచుకుని, తెరను ఒంటినుంచి దూరంగా తెరిచి ఉంచి, తెల్లవారుజామున మొదలెట్టి ఎనిమిదికల్లా ముగించమన్నాను. లారీల హోరు కూడా ఆ వేళకు కొంత తక్కువ. ఆ ఉదయం నేనూ వెళ్లాను. వేపచెట్టు కింద పీట, ముందు వెడల్పాటి బేసిన్, కత్తి కింద టెంక పగిలే చప్పుడు. మైకు కొంగులో దాగింది. మనవడు పక్కన కూర్చుని వెల్లుల్లి వలుస్తూ, “ఉప్పెంత మామ్మా?” అని అడిగాడు. ఆవిడ ఉప్పు గురించి మొదలుపెట్టి, కాపురానికొచ్చిన ఏడాది అత్తగారి జాడీలో ఉప్పు చాలక బూజు పట్టిన సంగతికి, అప్పుడు మావగారు ఎవరికీ చెప్పకుండా ఆ జాడీ తీసుకెళ్లి తోటలో పూడ్చొచ్చిన సంగతికి వెళ్లింది. మనవడికి అది ఎప్పుడూ తెలియదు. నా చెవుల్లో హెడ్‌ఫోన్ ఉంది, ప్రతి మాటా వినబడుతోంది. మధ్యలో గొంతు వణికింది, అదీ వినబడింది.

చేతులు కడుక్కుంటూ, “మొదలెట్టేముందు చెప్పరా, చీర మార్చుకుంటాను” అంది.

అప్పటికి నలభై నిమిషాలు రికార్డయింది. ఆ కార్డు ఆ సాయంత్రమే రెండు డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి వాళ్లింట్లో ఉంది, రెండోది నా బీరువాలో.