మానసోల్లాసంలోని మత్స్యవినోదం: ఎర, గాలం, రాజనీతి

ఉపోద్ఘాతం

శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలోని హేమావతి పూర్వనామం హెంజేరు. అది నొళంబ పల్లవుల రాజధాని. వారి ఏలుబడిలోని నొళంబవాడి 11వ శతాబ్ది నాటికి కల్యాణి చాళుక్యుల అధికారం కిందికి వచ్చింది. ఆ చాళుక్య వంశీయుడైన మూడవ సోమేశ్వరుడు (పాలనాకాలం 1126-1138) సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో ‘మత్స్యవినోదం’ ఒక అధ్యాయం. గాలంతో చేపలు పట్టడాన్ని రాజు నేర్వదగిన విద్యగా అది నిరూపిస్తుంది. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ ఇదే విద్యపై 1653లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథం కంటే ఇది ఐదు శతాబ్దాలు పాతది.

జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 20వ శతాబ్ది మధ్యలో ఈ అధ్యాయాన్ని మత్స్యశాస్త్ర చరిత్రకు ఆధారంగా పరిశీలించారు. ఆ పరిశీలన విలువైనదే. అయితే ఈ అధ్యాయాన్ని రాజనీతిలో భాగంగా కూడా చదవాలన్నది ప్రస్తుత వ్యాస ప్రతిపాదన.

అధ్యాయ స్వరూపం

మానసోల్లాసంలో ఐదు వింశతులు, ఒక్కో వింశతిలో ఇరవై అధ్యాయాలు ఉన్నాయి. రాజ్యాన్ని సంపాదించడం మొదటి వింశతికి, దాన్ని నిలుపుకోవడం రెండవ వింశతికి విషయాలు. మత్స్యవినోదం నాలుగవదైన వినోద వింశతిలోనిది. సోమేశ్వరుడు 30కి పైగా చేపలను పేర్కొని, సముద్రపు చేపలు, నదీమత్స్యాలు, పొలుసున్నవి, పొలుసు లేనివి, పెద్దవి, చిన్నవి అని విభజిస్తాడు. ఏ చేప ఏ మేతకు వస్తుందో చెప్పి, కర్ర, తాడు, గాలం గురించి వివరిస్తాడు.

ఈ వివరాలన్నీ నీటిని నమ్ముకొని బతికే బెస్తల అనుభవం నుంచి వచ్చినవే కావాలి. చేప ఎక్కడ మెసలుతుందో, ఏ తిండికి మరుగుతుందో అంతఃపురంలో కూర్చుని తెలుసుకోగలిగింది కాదు. అయినా అధ్యాయానికి నాయకుడు రాజే. పొట్టకూటి పని వినోదంగా మారినప్పుడు ఆ పని తెలిసినవాడు తెర వెనక్కి జరిగాడు. ఈ అధ్యాయంలో మొదట గమనించవలసిన లోపం ఇది.

కంటికి ఎర, నోటికి ఎర

ఇక్కడ పాశ్చాత్యుల ‘డ్రై ఫ్లై’ పద్ధతితో పోలిక ఉపకరిస్తుంది. చిన్న గాలానికి ఈకలు, దారం చుట్టి, నీటిపై తేలే పురుగులా కనిపించేట్లు చేస్తారు. పైకి చూసిన ట్రౌట్ చేప దాన్ని నిజమైన పురుగనుకొని అందుకుంటుంది. ట్రౌట్ చల్లని నీటి చేప. పెద్ద జలాశయాల అడుగు నుంచి వదిలే నీరు వేసవిలోనూ చల్లగా ఉంటుంది గనుక, అమెరికాలోని మోంటానా వంటి చోట్ల ఆనకట్టల దిగువన ఈ వేట బాగా సాగుతుంది. దక్షిణ భారతంలో ట్రౌట్‌కు నీలగిరుల వంటి ఎత్తైన ప్రాంతాలే ఆశ్రయమిచ్చాయి. రాయలసీమ చెరువుల వేడికి అది బతకదు.

నార్మన్ మెక్లీన్ నవలిక ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ (1976)లో ఈ ఈకల గాలానిదే ప్రధాన స్థానం. మతబోధకుడైన తండ్రి ఇద్దరు కొడుకులకూ దాన్ని దాదాపు ఉపాసనగా నేర్పుతాడు. కథకుడి తమ్ముడు పాల్ అందులో అసమానుడు. కాని అతణ్ణి వినాశం నుంచి తప్పించడం అన్నకు గాని తండ్రికి గాని చేతకాదు. అక్కడ ఎర కంటికి మాత్రమే. అందులో తిండి లేదు, పరిచయం లేదు. మోసం ఒక్క క్షణానిది.

మత్స్యవినోదంలోని ఎర వేరు. అది నిజమైన మేత. చేప రుచి ఎరిగి, దానికి మరిపి, దగ్గరికి రప్పించి పట్టడం ఇందులోని కిటుకు. మోసపోయేది చేప కన్ను కాదు, దాని విశ్వాసం.

దానం నుంచి దండం దాకా

సామదానభేదదండోపాయాలు మానసోల్లాసం రెండవ వింశతిలోనే చర్చకు వచ్చాయి. మేత దానం వంటిది. గాలం దండం వంటిది. తెలుగులో ‘ఎర వేయడం’ అన్న నుడికారం మనుషులకూ వర్తిస్తుండటం ఈ పోలికకు భాష ఇచ్చే సాక్ష్యం.

చాళుక్య చరిత్రలోనూ దీనికి నిదర్శనం ఉంది. సోమేశ్వరుడి తండ్రి ఆరవ విక్రమాదిత్యుడి తమ్ముడు జయసింహుడు నొళంబ పల్లవ బిరుదులు ధరించాడు, అధికారం అనుభవించాడు, చివరకు అన్నపై తిరగబడ్డాడు. అతని తిరుగుబాటును, ఓటమిని బిల్హణుడు విక్రమాంకదేవచరితంలో వర్ణించాడు. తండ్రిని గురించి విక్రమాంకాభ్యుదయం రచించిన సోమేశ్వరుడికి ఈ సంగతి తెలియనిది కాదు. మేత పెట్టిన చేయినే లాగే చేప ఉంటుందని ఆ కుటుంబానికి అనుభవమే.

కవి ఈ పోలికను ఎక్కడా నోరు తెరిచి చెప్పలేదన్న ఆక్షేపణ న్యాయమైనదే. మత్స్యవినోదం రాజనీతికి రూపకమని సిద్ధాంతీకరించడం అతివ్యాప్తి అవుతుంది. అయితే రాజ్యరక్షణను, వినోదాన్ని ఒకే గ్రంథంలో, ఒకే పాఠకుడైన రాజు కోసం కూర్చినప్పుడు, ఒకచోట అలవడిన బుద్ధి మరొకచోట పనిచేయదనడం కష్టం. ఓపిక, ఎదుటి ప్రాణి ఆకలిని గుర్తించడం, అదను చూసి లాగడం రెండింటికీ సమానమే.

ముగింపు

కల్యాణి నుంచి చదివితే మత్స్యవినోదం ఒక వినోదశాస్త్రం. హేమావతి నుంచి చదివితే, బిరుదులను మేతగా అందుకున్న సామంతుల చరిత్ర కూడా అందులో వినిపిస్తుంది. చేప స్వభావాన్ని అంత శ్రద్ధగా గమనించిన గ్రంథం చేప పక్షాన ఒక్క క్షణమైనా నిలబడదు. మెక్లీన్ నవలికలో పట్టేవాడి దుఃఖమైనా ఉంది. సోమేశ్వరుడి అధ్యాయంలో పట్టేవాడి నేర్పు మాత్రమే ఉంది. ఆ నేర్పును మెచ్చుకుంటూనే, అందులో చోటు దక్కని బెస్తను, సామంతుణ్ణి, చేపను కలిపి చదవడం ఇకపై ఈ అధ్యాయ విమర్శకు అవసరం.