రెండోసారి విత్తగలమా?

జూన్ నెలాఖరున అనంతపురం వైపు ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా వినబడేది ఒకటే మాట: "పదునైందా?" వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందని అక్కడ ఎవరూ అడగరు. జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టిందా లేదా, అంతే లెక్క. కడితే గొర్రు కదులుతుంది. కట్టకపోతే ఆరుద్ర కార్తె పోయి పునర్వసు, అదీ పోయి పుష్యమి. అంతదాకా ఓపిక పట్టి విత్తినవాడికైనా తర్వాతి వానకు పూచీ ఇచ్చేవారు లేరు.

ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. మెట్ట పైర్లకు అదేమీ మరీ తక్కువ కాదు. చిక్కంతా అది పడే తీరులో ఉంది. నాలుగు రోజులు కుమ్మరిస్తుంది, నలభై రోజులు మొహం చాటేస్తుంది. అందుకే సభల్లో "వాతావరణాన్ని తట్టుకునే సేద్యం" అని ఎవరైనా మొదలుపెడితే నాకు వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. తట్టుకోవడమంటే ఎండకు చావని వంగడం దొరకడమేనా? వంగడాలు ముఖ్యమే, కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6, లేపాక్షి లాంటివి రైతుకు చేసిన మేలు చిన్నది కాదు. కానీ నా కొలత వేరు. మొదట విత్తింది మట్టిపాలైతే, మళ్లీ విత్తడానికి ఇంట్లో గింజ, చేతిలో డబ్బు, కార్తెలో రోజులు మిగిలాయా? ఈ మూడూ మిగిలినవాడి సేద్యమే గట్టిది.

ఈ కొలతతో శనక్కాయను చూడండి. ఎకరాకు విత్తనపు పప్పే 60 నుంచి 75 కిలోలు కావాలి. మెట్టలో ఎకరాకు నాలుగు క్వింటాళ్ల కాయలు వచ్చాయనుకుందాం. వొలిస్తే నూటికి డెబ్బై పాళ్లు పప్పు, అంటే 280 కిలోలు. ఒక్క గింజ కూడా అమ్మకుండా, తినకుండా దాచినా మరుసటేడు నాలుగెకరాలకు మించి విత్తలేం. కొర్రకు ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. అదే నాలుగు క్వింటాళ్లు పండితే 200 ఎకరాలకు సరిపోతుంది. ఒక ఇంటి గాదెలో ఊరంతటికీ విత్తనం ఉన్నట్టు. శనక్కాయ రైతు ఒక్క కరువు ఏడాదికే విత్తనం కోసం ప్రభుత్వ బస్తాల ముందు వరుసలో నిలబడాల్సి వస్తుంది. కొర్ర మొలక మాడిపోతే మా మామ అనే మాట ఇది: "పోతే పోనీలేప్పా, ఇత్తనం ఇంట్లోనే ఉంది గదా." ఆ నిబ్బరం శనక్కాయ చేలో ఆయన నోట ఎన్నడూ వినలేదు.

శనక్కాయ ఎక్కడ దెబ్బ తింటుందో చూడాలంటే విత్తిన నలభై, నలభై అయిదు రోజులకు చేలోకి వెళ్లాలి. పైనుంచి పైరు పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద జీపులో పోయే అధికారికి ఏ లోటూ కనబడదు. వంగి కొమ్మను పక్కకు తప్పిస్తే తెలుస్తుంది సంగతి. పువ్వు రాలిన చోటు నుంచి ఊదారంగు ఊడలు కిందికి దిగుతుంటాయి. కాయ పట్టాలంటే ఆ కొస మట్టిలోకి దిగాలి. పదునుంటే మెత్తగా దిగిపోతుంది. లేకపోతే ఎర్రమట్టి పైన పెళుసు కట్టి, ఊడ అంగుళం ఎత్తున గాల్లోనే ఆగిపోతుంది. వేలితో తాకితే కొస గట్టిపడి నల్లగా మాడి ఉంటుంది. ఆ తర్వాత వారానికి ఎంత వాన పడినా ఆ ఊడకు కాయ రాదు. అంటే దాదాపు నూట పది రోజుల పంట భవితవ్యం ఒక పది, పదిహేను రోజుల్లో తేలిపోతుంది. ఒకే పైరు ఎకరాలకెకరాలు వేస్తే ఆ పదిహేను రోజులూ ఊరందరికీ ఒకేసారి వస్తాయి.

ఇక తెగులు సంగతి. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ ఉమ్మడి అనంతపురంలో రెండు లక్షల హెక్టార్లకు పైగా శనక్కాయను చుట్టేసింది. నష్టం మూడు వందల కోట్ల రూపాయలకు పైనే. ఈ వైరస్ గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో దాక్కుంటుంది. తామర పురుగుల వల్ల అక్కడి నుంచి శనక్కాయకు అంటుకుంటుంది. శాస్త్రవేత్తలు చెప్పిన మందుల్లో నాకు నచ్చింది ఒకటుంది: చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేయమన్నారు. గాలికి కొట్టుకొచ్చే పురుగుకు అదే తడిక. మా తాతల కాలంలో చొప్ప కోసం, సంగటి కోసం వేసిన సాళ్లే అవి. ట్రాక్టర్ మలుపుకు అడ్డమని తీసేశాం, వైరస్ వచ్చాక శాస్త్రం పేరుతో తిరిగి తెచ్చుకున్నాం.

పాత మిశ్రమ సేద్యానికి వానల లెక్క కూడా తెలుసు. ఆ 552 మిల్లీమీటర్లలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేది 338. అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలు ఇచ్చేది మరో 156. శనక్కాయ మొదటి భాగంతోనే బతకాలి, రెండోది వచ్చేసరికి కట్టె ఎత్తే పనిలో ఉంటాం. పదకొండు సాళ్లకో కంది సాలు ఉంటే? దాని తల్లివేరు శనక్కాయ వేళ్లకు అందని లోతుకు పోతుంది, అయిదారు నెలలు నిలబడుతుంది, అక్టోబరు వానను పువ్వుగా మారుస్తుంది. ఆముదమూ అంతే. ఒకే పొలంలో రెండు రుతుపవనాలకు రెండు రకాల వేళ్లు పెట్టడం ఇది. పైరు బీమా కంటే పాతది, నోటిఫికేషన్ అక్కర్లేనిది.

అయితే శనక్కాయను తిట్టడం నాకిష్టం లేదు. రైతు తెలివితక్కువై దాన్ని పట్టుకు వేలాడలేదు. 1986లో కేంద్రం నూనెగింజల మీద టెక్నాలజీ మిషన్ పెట్టాక సబ్సిడీ విత్తనం, పంట రుణం, బీమా అన్నీ ఆ పంట చుట్టూనే అల్లుకున్నాయి. కాయ రాకపోయినా కట్టె వస్తుంది, పశువులు బతుకుతాయి. కొర్రకు ఏముంది? కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నారు, హైదరాబాద్ మాల్‌లో కొర్ర బియ్యం అందమైన పొట్లాల్లోకి ఎక్కింది. పండించిన ఊళ్లో మాత్రం పొట్టు తీసే మర దొరకదు. మర లేని పంటను వేయమని రైతుకు చెప్పడం ఉపన్యాసమే అవుతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అండతో పుట్టిన ధరణి సహకార సంఘం ఈ చిక్కును గుర్తించింది. రైతులే సభ్యులు; పంట కొనడం, శుద్ధి చేయడం, పేరు పెట్టి అమ్మడం సంఘానిదే. తట్టుకునే పంట అక్కడ తట్టుకునే వ్యాపారమైంది.

వ్యాపారంలో ఒకే గుర్రం మీద పందెం కాస్తే ఏమవుతుందో పక్కనున్న మదనపల్లెను అడగండి. 2023 జూలైలో అక్కడ కిలో టమాటా 200 రూపాయల దాకా పోయింది. చూసినవాడల్లా నారు పోశాడు. సెప్టెంబరుకల్లా సీమలో కోత కూలీ కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోశారు. తప్పేది వాన ఒక్కటే కాదు, ధర కూడా తప్పుతుంది. ఇంట్లో నాలుగు గొర్రెలున్నవాడు ఆ నెల ఒక పొట్టేలును సంతకు తోలి గండం గట్టెక్కుతాడు. రాత్రి పొలంలో మంద ఆపించుకుంటే ఎరువు కూడా అదే.

ప్రకృతి సేద్యం కార్యక్రమంలో రైతు సాధికార సంస్థ తెచ్చిన నవధాన్యాల విత్తు నాకు ఆశ కలిగిస్తున్న పని. ఏప్రిల్, మే నెలల్లో రకరకాల గింజలకు బీజామృతం, మట్టి, బూడిద పట్టించి పొడి దుక్కిలోనే చల్లుతారు. ఏ చిన్న జల్లు పడినా మొలుస్తాయి, నేల ఎండకు బోడిగా పడి ఉండదు, తొలకరికి ముందే ఇంత మేత వస్తుంది. ఈ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. ఒక్క మెలిక మాత్రం ఉంది. వేసవిలో ఊరి మందలన్నీ బీళ్ల మీదే తిరుగుతాయి. ఒక్కడి చేను పచ్చబడితే అన్నీ అటే పోతాయి. ఊరంతా కూర్చుని మేత హద్దులు మాట్లాడుకోని చోట నవధాన్యాలు ఫొటోకే మిగులుతాయి.

చివరగా, విత్తనాల లెక్కలు వేసే అధికారులకు ఒక విన్నపం. ప్రతి కరువేడూ ఆగస్టులో, శనక్కాయ బస్తాలు మట్టిలో కలిసిపోయాక, "ప్రత్యామ్నాయ విత్తనాలు" అంటూ ఉలవలు, అలసందలు, జొన్నలు పంపుతున్నారు. అప్పటికి రైతు చేతిలో డబ్బు ఉండదు, కార్తెలూ కరిగిపోయి ఉంటాయి. వాటిని మేలోనే ఇవ్వండి. శనక్కాయ బస్తాతో పాటు రెండు కిలోల కొర్ర, కిలో కంది, ఓ పది కిలోల ఉలవ కలిపి ఒకే రోజు, ఒకే కేంద్రంలో అందించండి. పంట రుణం కూడా ఆ మిశ్రమానికే రాయించండి. ఆరుద్రలో ఏది విత్తాలో, పుష్యమి దాటాక ఏది మార్చాలో రైతుకు తెలుసు. అతనికి కావాల్సింది ఆ గింజ అప్పటికే ఇంట్లో ఉండటం.